మస్తానమ్మ ఏ యూనిట్లో వస్తుంది?

(నెల్లూరులో డిగ్రీ కాలేజీ లెక్చరర్ల కోసం పెట్టిన ఒకరోజు వర్క్‌షాపులో, మధ్యాహ్నం పూట ఒక చరిత్ర లెక్చరర్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు అడిగారని ఫోన్లో రికార్డు చేసింది విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత మాట్లాడమని ఎవరినైనా పిలిచారంటే ఆ మనిషి మీద ఏదో కక్ష ఉన్నట్టే లెక్క. మీరు కునుకు తీసినా నేనేం అనుకోను, గురక మాత్రం పెట్టబాకండి, రికార్డు అవతా ఉందంట.

నాకిచ్చిన టాపిక్ ఏందంటే, డిగ్రీలో మతం మీద ఒక పేపరు పెట్టాలంటే సిలబస్ ఎట్టా తయారు చేసుకోవాలి అని. ముందే చెప్తున్నా, నేను చరిత్ర చెప్పేవాణ్ణి, మతం చెప్పేవాణ్ణి కాదు. మా కాలేజీ అటానమస్ గనక రెండు క్రెడిట్ల పేపరు ఒకటి మేమే రాసుకుని నాలుగేళ్ళు నడిపాం, అందులో మొదటి రెండేళ్ళు నా చేతులారా నాశనం చేశా. అందుకే పిలిచారేమో. బాగా చేసినవాడు ఎట్టా చేశాడో వాడికే తెలియదు, చెడగొట్టినవాడికి మాత్రం యాడ చెడిందో బాగా గుర్తుంటుంది.

ఆ మొదటి సిలబస్ చెప్తా, మీలో సగం మందికి తెలిసిందే. ఐదు యూనిట్లు. ఫస్ట్ యూనిట్ హిందూమతం, రెండోది బౌద్ధం జైనం కలిపి (పాపం వాళ్ళిద్దరికీ ఎప్పుడూ ఒకే గది), మూడోది క్రైస్తవం, నాలుగోది ఇస్లాం, ఐదోది సిక్కుమతం, దాని తోకకి సర్వమత సామరస్యం. ఒక్కోదాని కింద నాలుగు గళ్ళు. స్థాపకుడు, పవిత్ర గ్రంథం, సిద్ధాంతాలు, పండగలు. సిలబస్ ఒప్పుకునే కమిటీ, అదే బోర్డ్ ఆఫ్ స్టడీస్, మీటింగులో పది నిమిషాల్లో పాసైపోయింది. పది నిమిషాల్లో పాసైనప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు, బిస్కెట్లు తిని వచ్చేశా.

మొదటి మిడ్ పరీక్ష పెట్టినప్పుడు తెలిసింది. హిందూమత స్థాపకుడు ఎవరు అని గడి ఉంది గదా. ఒక అబ్బాయి వ్యాసుడు అని రాశాడు, ఇంకొకడు ఆది శంకరాచార్యులు, ఒకమ్మాయి బ్రహ్మదేవుడు అని రాసింది. నేను ముగ్గురికీ మార్కులేశా. ఏం చేయమంటారు? గడి పెట్టింది నేను, పిల్లలు ఏదో ఒకటి నింపాలి గదా. అసలు ఆ గడి యాడ నుంచి వచ్చింది? మతం అన్నాక ఒక స్థాపకుడు, ఒక పుస్తకం, ఒక విశ్వాస ప్రకటన ఉండాలి అన్నది ఒక మతాన్ని చూసి గీసిన కొలత, అది తెచ్చి అందరికీ చొక్కా కుడితే ఒకడికి చేతులు పొడుగు, ఇంకొకడికి మెడ పట్టదు.

సరే, స్థాపకుడి గడి కొట్టేస్తే సరిపోద్ది అనుకున్నా. సరిపోలా. ఎందుకంటే నాకు మస్తానమ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు మా వీధిలో మస్తానమ్మ అని ఒకామె ఉండేది. నుదుటన రూపాయి బిళ్ళంత బొట్టు. శనివారం రంగనాయకుల గుడికి పోయేది, కసుమూరు దర్గాలో గంధం పండక్కి ఏ ఏడూ తప్పేది కాదు. వాళ్ళమ్మకి పిల్లలు పుట్టి నిలవకపోతా ఉంటే కసుమూరు మస్తాన్‌వలీకి మొక్కుకుందంట, అందుకని ఆ పేరు. కూతుర్ని ఒంగోలు సైడు ఇస్తే ఆ పిల్ల ఆదివారం చర్చికి పోతా ఉండేది, ఈమె కూడా కూతురింటికి పోయినప్పుడల్లా పోయి వెనకాల చాప మీద కూర్చునొచ్చేది, పాటలు బాగుంటాయే అని. ఇప్పుడు చెప్పండి, నా ఐదు యూనిట్లలో మస్తానమ్మ ఏ యూనిట్లో వస్తుంది? హిందూమతంలోనా? ఇస్లాంలోనా? తోకలో పెట్టిన సామరస్యంలోనా? ఆమెనడిగితే సామరస్యం అంటే ఏందబ్బయా అనేది. ఆమె ఏమీ కలపలా. మొక్కుంది, తీర్చుకుంది, అంతే.

మీ ఊళ్ళల్లో లేరా? ఈ హాల్లోనే ఒక మస్తానయ్య, ఒక మస్తాన్ రెడ్డి, ఇద్దరు పెంచలయ్యలు ఉంటారు, పందెం. పెంచలయ్య అంటే పెంచలకోన నరసింహస్వామి, తెలుస్తానే ఉంది. మస్తాన్ రెడ్డి అంటే? ఒకే పేరులో దర్గా ఒక పక్క, కులం ఒక పక్క కూర్చున్నాయి, ఏ ఇబ్బందీ లేకుండా. ఇబ్బందంతా సిలబస్ రాసేవాడికే.

పోనీ ఇది చదువురాని వాళ్ళ సంగతి, పెద్ద మతం పండితుల దగ్గర ఉంటది అనేవాళ్ళు ఉన్నారు. మా బోర్డులోనే ఒక సారు అన్నారు. అయ్యా, మన తిక్కన ఎవరికి అంకితమిచ్చాడు భారతం? హరిహరనాథుడికి. శివుడూ విష్ణువూ ఒకే మూర్తిగా. 13వ శతాబ్దంలో, ఇదే నెల్లూరులో, మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న మనిషి, శైవులూ వైష్ణవులూ తలలు బాదుకుంటా ఉన్న కాలంలో ‘విష్ణురూపాయ నమశ్శివాయ’ అని మొదలుపెట్టాడు. తర్వాత శతాబ్దంలో అద్దంకి రెడ్డిరాజుల దగ్గర ఎర్రన, ఆయన బిరుదేమో శంభుదాసుడు, రాసిందేమో నృసింహపురాణం. గళ్ళు పండితుల దగ్గర కూడా నిలవలేదు సార్. తెలుగు మాస్టర్లు నవ్వుతున్నారు, మీకు తెలుసు గదా ఇదంతా, మా చరిత్ర వాళ్ళకే ఆలస్యంగా తెలుస్తాది.

అప్పుడు నేను కొంచెం చదవడం మొదలుపెట్టా. అంటే సిలబస్ పాసయ్యాక చదవడం, అది మన సంప్రదాయమే. మాక్స్ ముల్లర్ 1870లో లండన్లో ఉపన్యాసాలిస్తా ఒక మాట అన్నాడు, ఒక్క మతం మాత్రమే తెలిసినవాడికి ఏ మతమూ తెలియనట్టే అని. బావుంది. కానీ మా పిల్లల జవాబు పత్రాలు చూశాక నాకేమనిపించిందంటే, ఐదు మతాలు బట్టీ పట్టినవాడికి కూడా ఒక్కటీ తెలియకపోవచ్చు అని. చికాగోలో జొనాథన్ జెడ్ స్మిత్ అని ఒక ప్రొఫెసరు ఉండేవాడు, ఆయన మొదటి ఏడాది పిల్లలకి పెట్టే కోర్సుల గురించి చెప్పింది నాకు బాగా పనికొచ్చింది. చెప్పితీరాల్సింది అంటూ ఏదీ లేదు, వదిలేయడానికి వీల్లేనిది అంటూ కూడా ఏదీ లేదు అంటాడు. వినడానికి మొండిమాటలా ఉంది గదా? కానీ చూడండి, మన చేతిలో ఉంది ఎన్ని గంటలు? ఒక క్రెడిట్‌కి 15 చొప్పున రెండు క్రెడిట్లకి 30 గంటలు. అందులో స్పోర్ట్స్ డే, ఎలక్షన్ డ్యూటీ, తుఫాను సెలవులు పోను ఇరవై రెండో ఇరవై మూడో. 22 గంటల్లో ప్రపంచంలోని మతాలన్నీ చెప్తానన్నవాడు ఏమీ చెప్పడు. కాబట్టి ప్రతిదాన్నీ అడగాలి, నువ్వు దేనికి ఉదాహరణగా వచ్చావయ్యా నా క్లాసులోకి అని. ఉదాహరణ కాలేనిది బయట కూర్చోవాల్సిందే, అది ఎంత గొప్పదైనా సరే.

ఇక్కడ ఒకరు చెయ్యెత్తారు. ఆఁ, చెప్పండి మేడమ్. సిక్కుమతం తీసేశారా అంటున్నారు. తీసేశానండి, యూనిట్‌గా తీసేశా. గురుద్వారాలో అందరికీ పెట్టే భోజనం, లంగర్, అది మాత్రం ఉంచా, అన్నదానం గురించి చెప్పేటప్పుడు. పిల్లలకి గురువుల పేర్లు పదీ వరసగా రాకపోవచ్చు, పంగత్‌లో రాజూ కూలీ ఒకే వరసలో కింద కూర్చోవడం ఎందుకంత పెద్ద విషయమో మాత్రం చెప్పగలరు. దానికి నాతో వాదన పెట్టుకోవచ్చు మీరు, నేను కాదనను.

చట్టం సంగతి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే ప్రిన్సిపాళ్ళు ముందు భయపడేది దానికే. రాజ్యాంగంలో 28వ అధికరణం. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదు. ఎయిడెడ్ కాలేజీ అయితే, గుర్తింపున్న కాలేజీ అయితే, ఎవర్నీ బలవంతంగా కూర్చోబెట్టకూడదు. మరి మనం పేపరు పెట్టొచ్చా? పెట్టొచ్చు. మతబోధ వేరు, మతం గురించి చదువు వేరు. కొఠారీ కమిషన్ 1964-66లో ఈ తేడా స్పష్టంగా రాసింది. 1971లో పంజాబు డీఏవీ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు కూడా, గురునానక్ జీవితం మీద, బోధనల మీద యూనివర్సిటీ చదువూ పరిశోధనా పెడితే అది మతబోధ కిందికి రాదు అంది. 2002లో అరుణా రాయ్ కేసులోనూ ఆ దారే. అమెరికాలో 1963లో స్కూళ్ళలో బైబిల్ చదివించడం కొట్టేసిన తీర్పులోనే, మతాల్ని చదువుగా చదవడానికి అడ్డం లేదు అని కూడా రాశారు. అంతకుముందు మన రాధాకృష్ణన్ కమిషన్ 1949లో డిగ్రీకి మూడేళ్ళ పథకమే ఇచ్చింది. మొదటి ఏడు మహనీయుల జీవితాలు, రెండో ఏడు గ్రంథాల్లోంచి భాగాలు, మూడో ఏడు మత తత్వశాస్త్రం, రోజూ క్లాసులకు ముందు కొంచెంసేపు మౌనం. మౌనం మేం పెట్టలేదు, మా కాలేజీ పక్కనే లారీ స్టాండు.

నా కొండగుర్తు మాత్రం ఇది. ‘నమ్మండి’ అని చెప్తే అది బోధ. ‘నమ్మబాకండి’ అని చెప్పినా అదీ బోధే. నాకు తెలిసిన హేతువాద మిత్రులు దీనికి ఒప్పుకోరు, గొడవేసుకుంటారు. వాళ్ళు కూడా సిలబస్‌లో ఉండాలంటాను నేను. గోరా గారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు, తర్వాత అది విజయవాడకొచ్చింది, తెలుగువాళ్ళ మత చరిత్రలో ఆయనకి చోటు లేకపోతే ఎట్టా? ఐదు గళ్ళ సిలబస్‌లో ఆయనా ఇమడడు, మస్తానమ్మా ఇమడదు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడేది కాదు, అది వేరే సంగతి.

ఇప్పుడు నా తప్పు చెప్తా. రెండో ఏడు. గళ్ళు పోయినాయి, ఉత్సాహం మీదున్నా, జీవితంలోంచి చదువు రావాలి అనుకుని మొదటి అసైన్‌మెంట్ ఇచ్చా. ‘మా ఇంట్లో మతం’ అని రెండు పేజీలు రాసుకు రండి అన్నా. అందరూ రాశారు. ఒకబ్బాయి తెల్ల కాగితం మీద పేరూ నంబరూ రాసి ఇచ్చాడు. నేను క్లాసులో అందరి ముందు అడిగా, ఏమయ్యా, మీ ఇంట్లో మతమే లేదా అని. జోకు అనుకున్నా. పిల్లలు నవ్వారు కూడా. ఆ అబ్బాయి నవ్వలా.

సాయంత్రం స్టాఫ్ రూమ్ బయట నిలబడ్డాడు. సార్, మేం చర్చికి పోతాం, సర్టిఫికెట్లో హిందూ అని ఉంటది, నేను రాసి మీకిస్తే ఆ కాగితం యాడుంటది సార్ అన్నాడు. అంతే అన్నాడు. నాకు నోట మాట రాలా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, క్రైస్తవంలోకి పోయిన దళితులకి లేదు, మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సీ కిందికొస్తారు. ఇదంతా నేను పొలిటికల్ సైన్స్ వాళ్ళకి పాఠం చెప్పిన మనిషినే. పాఠంగా తెలుసు. నా క్లాసులో నాలుగో బెంచీలో కూర్చోనుంది అని తెలియలా. స్కాలర్‌షిప్, సీటు, రేపు ఉద్యోగం, ఇన్నిటికి ముడిపడ్డ విషయాన్ని రెండు పేజీలు రాసుకు రా అన్నా నేను.

ఆ కట్ట మొత్తం పిల్లలకే తిరిగిచ్చేశా. అప్పటినుంచి మా సిలబస్ కాపీ మొదటి పేజీలో ఒక వాక్యం ఉంటది: ఈ కోర్సులో ఏ విద్యార్థినీ అతని మతం అడగరాదు, చెప్పమని ప్రోత్సహించరాదు. బోర్డులో దీని మీద గంటన్నర వాదన జరిగింది. చూశారా, ఐదు మతాలకి పది నిమిషాలు, ఒక్క వాక్యానికి గంటన్నర. ఇప్పుడు మొదటి అసైన్‌మెంట్ ఏమిస్తానంటే, మీకు తెలిసిన ముసలివాళ్ళ పేర్లు ఇరవై రాసుకురండి, మీ ఇంట్లోవాళ్ళవే అయ్యుండాల్సిన పనిలేదు, ఆ పేరు ఎందుకు పెట్టారో అడిగి పక్కన రాయండి అని. బ్లాక్ బోర్డు నిండిపోద్ది. మస్తానమ్మ, పెంచలయ్య, కామాక్షమ్మ, ఖాజావలి, ఏసురత్నం, పీరయ్య, వీరబ్రహ్మం, రత్తమ్మ. పుట్టి చచ్చిపోతున్నారని దిబ్బ మీద పొర్లించి పెంటయ్య అని పెట్టిన పేరు కూడా వస్తాది. అది ఏ మతమండీ? మొదటి నాలుగు గంటలు ఆ బోర్డు ముందే గడిచిపోతాయి, ఎవరి మతం ఏందో ఎవరూ చెప్పకుండానే.

రొట్టెల పండగ సంగతికొద్దాం

మన నెల్లూరు బారా షహీద్ దర్గా, అంటే పన్నెండుమంది అమరవీరుల దర్గా, మీకు నేను చెప్పక్కర్లేదు. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్ళల్లో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, సొంతిల్లు రొట్టె. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుని తింటారు, తీరితే మళ్ళీ వచ్చి రొట్టె వదలాల. ఇప్పుడు వీసా రొట్టె కూడా వచ్చింది, మతం కాలంతోపాటు మారదు అనేవాళ్ళని ఆ చెరువు దగ్గరికి తీసుకుపోవాల.

మొదటిసారి పిల్లల్ని పంపినప్పుడు చేతికి ప్రశ్నావళి ఇచ్చి పంపా. మీ వయసు, విద్యార్హత, మతం, ఎన్నోసారి వచ్చారు, కోరిక తీరిందా అవును/కాదు. మా పిల్లోడు ఒకడు ప్యాడు పట్టుకుని ఒడ్డున నిలబడి ఒక అవ్వని అడిగాడంట. ఆ అవ్వ వాణ్ణి ఎగాదిగా చూసి, అబ్బయా, ముందు నువ్వు నీళ్ళల్లోకి దిగు, నీ రొట్టె ఏంది అనింది. వాడు లేదవ్వా, నేను కాలేజీ తరఫున వచ్చా అంటే, కాలేజీకి కావాల్నా, అయితే చదువు రొట్టె తీసుకో అని సగం తుంచి చేతిలో పెట్టింది. వాడు ప్యాడు చంకలో పెట్టుకుని తిన్నాడు. ప్రశ్నావళి తడిసిపోయింది. వాడు రాసిన రిపోర్టు ఆ బ్యాచిలో అన్నిటికన్నా బాగుంది, ఎందుకంటే గోధుమ పిండి ఎట్టా కలిపారో, బెల్లం వేశారా లేదా, రొట్టె ఏ గుడ్డలో చుట్టుకొచ్చారో, ఇచ్చేటప్పుడు ఏ చెయ్యి వాడారో, ఏం కేకేశారో, అన్నీ రాశాడు. అడగాల్సినవి చూస్తే తెలిశాయి వాడికి.

లాంకాస్టర్ యూనివర్సిటీలో నినియన్ స్మార్ట్ అని మతాల అధ్యయనానికి డిపార్ట్‌మెంటు మొదలుపెట్టినాయన ఉన్నాడు, 1967లో. మతాన్ని ఏ పక్కల నుంచి చూడొచ్చో ఏడు చెప్పాడు. క్రతువు, కథ, అనుభవం, సిద్ధాంతం, నీతి, సమాజం, వస్తువులు. ముందు ఆరే చెప్పాడు, ఏడోది, అంటే గుడి, గోపురం, రొట్టె, చాప లాంటివి, తర్వాత కలిపాడు. ఈ ఏడూ ఆ ఒక్క రొట్టెలో ఉన్నాయి. మార్చుకోవడం క్రతువు, పన్నెండుమంది షహీదులది కథ, తిరిగివ్వాలి అన్నది నీతి, నీళ్ళల్లో ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారు అన్నది సమాజం. మిగతావి మీరు నింపుకోండి. ఒక్క హెచ్చరిక. ఈ ఏడింటినీ తీసుకుపోయి ఏడు యూనిట్లు చేయబాకండి. ఒకాయన చేశాడు, యాడని అడగబాకండి. ఐదు గళ్ళు పోయి ఏడు గళ్ళొచ్చాయి.

ఇంకో సంగతి, దర్గాలకి పోవడం ఇస్లాం కాదు అనే ముస్లింలు కూడా మన ఊళ్ళోనే ఉన్నారు, గట్టిగా అంటారు, వాళ్ళకి వాళ్ళ ఆధారాలున్నాయి. పీర్ల పండగలో గుండం తొక్కే ఊళ్ళకి పోయినా ఇదే వాదన. అటువైపు గుడికి పోయేవాళ్ళల్లో కూడా, మనవాళ్ళు దర్గాకి ఎందుకు పోవాలి అనేవాళ్ళున్నారు. మా పిల్లలు అడుగుతారు, సార్, ఎవరు కరెక్ట్ అని. అది చెప్పడం నా పని కాదు. ఇద్దరి మాటా, వాళ్ళు విని అవును మేమన్నది ఇదే అని తలూపేటట్టు చెప్పగలగడం నీ పని, అంటా. ఇది తేలిక అనుకుంటున్నారా? చేసి చూడండి. మనకి నచ్చనివాడి మాటని వాడు ఒప్పుకునేటట్టు చెప్పడం అంత కష్టం ఇంకోటి లేదు. స్టాఫ్ మీటింగులో ప్రయత్నించండి.

ఒంగోలు వాళ్ళకి ఒక కథ

ప్రకాశం జిల్లా నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, మీకు పనికొచ్చేది చెప్తా. మతం మారడం అన్నది క్లాసులో ఎత్తాలంటే అందరికీ భయం. నాకూ భయమే. అందుకే వాట్సాప్‌లో తిరిగే సంగతులు కాకుండా 1878లోకి పోతాం.

కథ మీకు తెలుసు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరులో 1840 నుంచి ఉంది, మనుషులు చేరక మూసేద్దామా అనుకున్న మిషన్ అది. ఆ మిషన్ పాదిరి క్లౌ దొర 1866లో ఒంగోలొచ్చాడు. అదే కాలంలో యెర్రగుంట్ల పేరయ్య, మాదిగ, తోళ్ళ వ్యాపారం చేసేవాడు, క్రైస్తవంలోకి రాకముందే యోగమార్గంలో గురువుల దగ్గర ఉపదేశం తీసుకున్న మనిషి. ఇది మా పిల్లలకి పెద్ద ఆశ్చర్యం. దొర వచ్చి ఖాళీ కుండలో నీళ్ళు పోశాడు అనుకుంటారు, కుండలో ముందే ఏదో ఉంది. తర్వాత 1876-78 కరువు. బకింగ్‌హామ్ కాలవ పని మొదలైంది. క్లౌ అమెరికాలో సర్వేయరుగా చేసినవాడు గనక మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని కూలీలకి పనిచ్చాడు. ఇక్కడ అసలు విషయం, కరువు పని జరిగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు సడలాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం.

ఇంతే చెప్తే అది పాఠం కాదు, వాల్‌పోస్టర్. పిల్లల చేతికి కాగితాలిస్తా. క్లౌ చనిపోయాక 1914లో వచ్చిన ఆత్మకథలో ఆ రోజు గురించి నాలుగు పేరాలు. ఆయన భార్య ఎమ్మా 1899లోనే మాదిగ పెద్దల నోటి కథలు పోగేసి వేసిన పుస్తకంలో రెండు పేజీలు. 1880 కరువు కమిషన్ రిపోర్టులో సర్కారు భాష ఒక పేజీ. నాలుగోది పిల్లలే తేవాలి, మా తాతకి తాత కాలవ తవ్వాడు అని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు గదా, వాళ్ళ మాట. నాలుగూ పక్కపక్కన పెట్టి చదివిస్తా. కమిషన్ రిపోర్టులో మనుషులు లెక్కలుగా ఉంటారు. క్లౌ దగ్గర ఆత్మలుగా ఉంటారు. ఎమ్మా దగ్గర ఊరూ పేరూ వస్తాయి. ముసలాయన దగ్గర ఆకలి ఉంటది.

పిల్లలు మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. సార్, తిండి కోసం మారారా, దేవుడి కోసం మారారా? ఏ బ్యాచయినా ఇదే. నేను జవాబు చెప్పను, ఆ ప్రశ్ననే బోర్డు మీద రాస్తా. కొత్తగా చేరినవాళ్ళు చచ్చిన గొడ్డు తినం అన్నారు, ఊరి జాతరలో డప్పు కొట్టం అన్నారు, ఆదివారం పనికి రాం అన్నారు, దానికి ఊరిపెద్దలు బావి నీళ్ళు తోడనివ్వలా, కొట్టారు. డప్పు కొట్టను అన్నవాడు దేవుడి కోసం అన్నాడా, పరువు కోసం అన్నాడా? ఆదివారం పనికి రాను అన్నది మతమా, కూలీ హక్కా? రెండో గంటకి ఎవరో ఒకరు లేస్తారు, సార్, ప్రశ్నే తప్పుంది అని. ఆ మాట ఒక్క పిల్లోడి నోట్లోంచి వచ్చిందంటే ఆ ఏడు నా జీతం నాకు గిట్టినట్టే. ఆరు గంటలు దీనికే ఇస్తా నేను, చందవరం స్తూపానికి ఒక్క గంట. అన్యాయమే, ఒప్పుకుంటా. కానీ గుండ్లకమ్మ ఒడ్డునే ఉన్న ఆ స్తూపం దగ్గర బౌద్ధులు ఇప్పుడు లేరు, ఒకప్పుడు ఉండి పోయారు, మతం ఒక ఊళ్ళో ఎట్టా ఆరిపోద్ది అని అడగడానికి అది చాలు.

గ్రంథాల గురించి ఒక్క మాట. చదివించడానికి ముందు వినిపించండి. వేదం ఎన్నో వందల ఏళ్ళు నోటితోనే నడిచింది, ఖురాన్ అంటేనే పఠనం, అరబ్బీ అర్థం తెలియనివాళ్ళు కూడా తప్పు లేకుండా వల్లిస్తారు. మన తెలుగు క్రైస్తవంలో పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు రాగం తాళంతో పాడతారు. మస్తానమ్మ చర్చికి పోయింది పాటకే గదా. ఫోన్లో పెట్టి కళ్ళు మూసుకోమంటే పిల్లలకి గ్రంథం అంటే అట్ట వేసిన పుస్తకం కాదని ఐదు నిమిషాల్లో తెలుస్తాది. ఎవరు వల్లించొచ్చు, ఎవరు వినకూడదు అన్నారు అనే ప్రశ్న కూడా అక్కణ్ణుంచే వస్తాది, రావాలి కూడా.

టైమ్ అయిపోయిందని చీటీ పంపారు. ఒక్కటే ఉంది, క్వశ్చన్ పేపరు. మీరెంత మంచి సిలబస్ రాసినా పిల్లలు చదివేది పోయినేడు క్వశ్చన్ పేపరే. బజార్లో గైడు అచ్చేసేవాడు కూడా దాన్నే చూస్తాడు. ‘ఇస్లాం ఐదు మూలస్తంభాలు వివరింపుము’ అని ఒకసారి అడిగామా, ఇంక మన రొట్టె, మన కాలవ, మన బోర్డు మీద పేర్లు అన్నీ సెలవు మీద పోయినట్టే. అందుకని నేనిప్పుడు ముందు పేపరు రాసుకుంటా, తర్వాత సిలబస్. పోయినేడు మేమిచ్చిన ప్రశ్న ఒకటి చదువుతా. ‘ఒకామె ఉద్యోగం రొట్టె తీసుకుంది, ఆమె అన్న అది మన మతం కాదని కోప్పడ్డాడు. ఇద్దరి వైపునా చెరొక పేజీ రాయండి. ఎవరి పేజీ చదివితే మీరెవరి వైపున్నారో మాకు తెలిసిపోతుందో ఆ పేజీకి మార్కులు తగ్గుతాయి.’ దిద్దడం కష్టమే, కీ ఉండదు, దిద్దడానికి కూర్చున్న ఇద్దరం రెండు పేపర్ల దగ్గర పోట్లాడుకున్నాం. ఒక పిల్లోడికి అన్న పేజీకి నేను ఎనిమిదేస్తే ఆ మేడమ్ నాలుగేసింది, మళ్ళీ చదివితే ఆమే కరెక్ట్, వాడు అన్నని తిడతా రాశాడు, నాకు కనపడలా.

సరే, తెల్లకాగితాలు పంచుతున్నారు చూడండి. ఒక్కొక్కరు ఒక్క ప్రశ్న రాసివ్వండి, పది మార్కులది. గైడు చూసి రాయడానికి వీల్లేకుండా ఉండాల, ఏ ఇంటి పిల్లోడికీ పుట్టుకతోనే జవాబు తెలిసి ఉండకూడదు. మీ ఊరి గుడో, దర్గానో, చర్చో, పుట్టో ఏదో ఒకటి అందులో ఉండాల. పేరు రాయక్కర్లేదు. టీ వచ్చేసింది, తాగతానే రాయండి. ఆ వెనక వరసలో నిద్ర లేచిన సారుకి కూడా ఒక కాగితం ఇవ్వు నాయనా. పెన్ను లేదా సార్? ఇదిగో, నాది తీసుకోండి, తిరిగివ్వాల.